గాలికి పోకూడదు, నీటికి పోవాలి

ఉపగ్రహాలతో సముద్ర ప్రవాహాలను ఎలా కొలుస్తున్నారో చూసి రమ్మని మా సంపాదకుడు నన్ను విశాఖ పంపించారు. "మంచి ఫొటోలు కూడా దొరుకుతాయండీ" అన్నారు. దొరికాయి. ఏసీ గదిలో గోడంత తెర, దాని మీద ఎరుపు, నీలం రంగుల్లో బంగాళాఖాతం, నిండా చిన్న చిన్న బాణాలు. చూపించిన కుర్ర శాస్త్రవేత్తకు ఓపిక ఎక్కువే. కానీ టీ తాగడానికి బయటికొస్తే వెనకవైపు ఒక రేకుల షెడ్డు కనబడింది. మిగిలిన పూటంతా అక్కడే గడిచిపోయింది.

షెడ్డులో పట్టా పరుచుకుని యాభై దాటిన మేస్త్రీ ఒకాయన కూర్చుని ఉన్నారు. ఒళ్లో మొదలై గోడదాకా పరుచుకున్న నైలాను గుడ్డ గొట్టం, లోపల వరసగా తీగ కడియాలు, గుడ్డకు అక్కడక్కడా గుండ్రటి పెద్ద బొక్కలు. కుట్టు వెంట బొటనవేలు పోనిస్తున్నారు. ఎక్కడ వేలు తట్టుకుంటే అక్కడ ఆగి, దబ్బనంతో రెండు పోట్లు పొడిచి, దారం పళ్లతో కొరికి, మళ్లీ వేలు పోనిస్తున్నారు. తాడు గొట్టానికి కలిసే చోటికి వచ్చేసరికి రెండు పాదాలూ గొట్టానికి తన్నిపెట్టి, వెనక్కి వాలి, ముఖం ఎర్రబడేదాకా లాగారు. ముడి కదల్లేదు. అప్పుడు తలెత్తి నన్ను చూశారు.

"ఇది ఊడిందంటే బంతి గాలికి పోతాది బాబూ. అది గాలికి పోకూడదు, నీటికి పోవాల" అన్నారు.

మొత్తం శాస్త్రం ఆ ముక్కలోనే ఉంది. ఆయన కుడుతున్నది డ్రిఫ్టర్ అనే పనిముట్టులో ఒక భాగం. డ్రిఫ్టర్ అంటే పైన తేలే బంతి ఒకటి, అడ్డంగా 30-40 సెంటీమీటర్లు. దాని కింద సన్నటి తాడు, తాడు చివర ఈ గుడ్డ గొట్టం. డ్రోగ్ అంటారు దీన్ని. సరిగ్గా 15 మీటర్ల లోతున నిలబడి, ఆ నీరు ఎటు పోతే అటు బంతిని లాక్కుపోతుంది. బంతి తానెక్కడుందో, నీరెంత వెచ్చగా ఉందో ఉపగ్రహానికి చెబుతూ ఉంటుంది. సెకనుకు 10 మీటర్ల గాలి వీచినా డ్రోగ్ ఉన్న బంతిని అది సెకనుకు ఒక సెంటీమీటరు కూడా పక్కకు జరపలేదు. డ్రోగ్ ఊడితే ఆ జరుగుడు ఎనిమిది సెంటీమీటర్లు దాటుతుంది. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి వెయ్యికి పైగా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి.

ముడి ఊడినా ఊడనట్టే లెక్కేస్తే ఏమవుతుందో 2011లో తెలిసింది. చాలా డ్రిఫ్టర్లకు డ్రోగ్ పోయినా పసిగట్టలేదు. గాలి తోసినదంతా ప్రవాహం ఖాతాలో పడింది. కొన్ని చోట్ల ప్రవాహాలు ఏటేటా బలపడుతున్నట్టు లేని పోకడ ఒకటి పుట్టుకొచ్చింది. ఏళ్ల నాటి లెక్కలన్నీ తవ్వి మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది. మేస్త్రీ గారి బొటనవేలి విలువ ఎంతని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఉపగ్రహాన్ని తీసిపారేస్తున్నాననుకోకండి. అది చేసేది మామూలు పని కాదు. 1992లో పైకెళ్లిన టోపెక్స్-పోసిడాన్ 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగం వదిలి, అది నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్నిబట్టి సముద్ర మట్టాన్ని కొద్ది సెంటీమీటర్ల తేడాతో పట్టేసింది. 2013లో శ్రీహరికోట నుంచి ఎగిరిన మన సరళ్-ఆల్టికా కూడా అదే పని చేసింది. సముద్రం బల్లపరుపుగా ఉండదు. ఎత్తు నుంచి పల్లానికి జారబోయే నీటిని భూభ్రమణం మన అర్ధగోళంలో కుడికి మళ్లిస్తుంది. దాంతో నీరు పల్లంలోకి దిగకుండా వాలుకు అడ్డంగా సాగుతుంది. మన తీరం ముందు 100 కిలోమీటర్లకు 10 సెంటీమీటర్ల వాలు ఉందంటే, అక్కడ సెకనుకు దాదాపు పాతిక సెంటీమీటర్ల ప్రవాహం ఉన్నట్టు. తెర మీది బాణాల్లో ఎక్కువ భాగం ఇలా గీసినవే. అంటే ఉపగ్రహం వాలును కొలుస్తుంది. ప్రవాహాన్ని మనం ఊహించి లెక్కగడతాం. ఆ లెక్క నిజమో కాదో తేల్చేది నీళ్లలో తడిసే బంతే.

పైగా తీరానికి కొన్ని పదుల కిలోమీటర్ల దగ్గరకు వచ్చేసరికి నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసిపోయి ఉపగ్రహపు కొలత చెడిపోతుంది. మన తెప్పలు, ఫైబరు పడవలు తిరిగేది ఆ పట్టీలోనే! మచిలీపట్నం, కాళీపట్నంలలో పెట్టిన తీర రాడార్లు కొంత లోటు తీరుస్తున్నాయి. సముద్రం లేని హైదరాబాదులో కూర్చుని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ప్రవాహాల అంచనాలు ఇస్తోంది. సంతోషమే. అయినా రెండు రాడార్లతో ఇచ్ఛాపురం నుంచి తడదాకా సరిపోతుందా?

మన తీరం వెంట నీరు ఏడాదికి రెండుసార్లు దిశ మారుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఉత్తరపు పోక మార్చి, ఏప్రిల్‌లోనే జోరందుకుంటుంది, నైరుతి ఇంకా కేరళ తాకకముందే. కారణం ఇక్కడి గాలి ఒక్కటే కాదు. భూమధ్యరేఖ దగ్గర పుట్టిన అలజడి అండమాన్, మయన్మార్ తీరాలు చుట్టి మనదాకా వస్తుంది. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త అమెరికా నుంచి వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి ఈ తీరపు నీటిని అప్పటి పనిముట్లతోనే పరిశీలించారు.

నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం సీసాలది. తూర్పు తీరం పొడవునా మత్స్యకారుల చేత కొద్ది రోజులకోసారి సముద్రపు నీరు సీసాల్లో పట్టించి ఉప్పదనం కొలిచారు మన శాస్త్రవేత్తలు. వానకాలం పోయాక గంగా బ్రహ్మపుత్రల మంచినీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు పాయగా, తీరాన్ని అంటిపెట్టుకుని దక్షిణానికి దిగుతోందని తేలింది. 2014లో అది అమెరికన్ మెటియొరలాజికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ఉపగ్రహాలు తడబడే పట్టీలో సముద్రంలో నడిచే ఒక నదిని పట్టిచ్చినవి ప్లాస్టిక్ సీసాలు!

షెడ్డు గుమ్మంలో ఇద్దరు కుర్రాళ్లు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. "ఉపగ్రహం ఎగిరితే టీవీలో లైవ్. మనం ఓడలో వాంతులు చేసుకుంటూ వీటిని నీళ్లలో వేసొస్తే టీఏ బిల్లు వెనక్కొచ్చింది" అన్నాడొకడు. రెండోవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మేస్త్రీ గారు అదేం పట్టించుకోలేదు. గొట్టాన్ని కడియం మీద కడియంగా మడిచి, నీటిలో కరిగిపోయే కాగితపు టేపుతో కట్టారు. ఓడ వెనకనుంచి విసిరేస్తే చాలు, టేపు కరిగి అదే విచ్చుకుంటుందట. ఓడ వాళ్లు మర్యాదకని ముందే విప్పేస్తారని ఆయన బాధ. అందుకే అట్టపెట్టె మీద తెలుగులో, హిందీలో "టేపు విప్పవద్దు" అని లావు అక్షరాలతో రాశారు.

"మీ తరవాత ఈ పని ఎవరు చేస్తారు బాబాయ్?" అనడిగాను.

"నాదే కాంట్రాక్టు కదా బాబూ. ప్రతి మార్చికీ అయిపోద్ది, మళ్లీ రాస్తారు. కొత్తోడు ఎవడొస్తాడు?"

కోట్లు పోసి పంపే ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో తేల్చే చేతికి ఏడాదికోసారి గడువు తీరిపోవడం ఏ లెక్కలో చూసినా అన్యాయం. తదుపరి ఉపగ్రహానికి డబ్బు మంజూరు చేసే పెద్దలు అదే కాగితం మీద డ్రిఫ్టర్లకూ, సీసాలు నింపే మత్స్యకారులకూ, ఈ షెడ్డులో ఒక శాశ్వత ఉద్యోగానికీ కూడా సంతకం పెట్టాలి.