మా చిన్నవాని అట్టముక్క

మా చిన్నవాడు నాలుగవ తరగతిలో ఉన్నప్పుడు వాని ప్రగతి పుస్తకంలో మరాఠీలో ఒకే మాట మూడుసార్లు వ్రాసి పంపినారు: "అభ్యాసాత్ లక్ష్ నాహీ". మా అమ్మకు చదివి వినిపిస్తే, "లక్ష మనింట్ల ఎవని దగ్గర ఉన్నదిరా?" అన్నది. ఆ పూట అందరమూ నవ్వుకొన్నాము. తరువాత నవ్వు రాలేదు.

వాడు నల్లబల్ల మీది లెక్క ఎక్కించుకొనేటప్పుడు సగం ఒక లెక్కదీ, సగం దాని క్రింది లెక్కదీ కలిపి వ్రాసేవాడు. చదివేటప్పుడు ఒక వరుసలో బయలుదేరి మరొక వరుసలో తేలేవాడు. కిటికీ దగ్గర కూర్చుంటే కిటికీలోనికి, తలుపు దగ్గర కూర్చుంటే తలుపులోనికి వాని చూపు. దాజీ పేట్‌లో ఇల్లంటే ఎట్లుంటుందో చదువరులకు చెప్పనక్కరలేదు. ప్రక్కింటి సాంచెల చప్పుడు తెల్లవారకముందే మొదలవుతుంది. విచిత్రమేమంటే ఆ చప్పుడుకు వాడు చెదరడు, అందులోనే పుట్టినాడు. చెదరేదల్లా కన్ను. అదే వాడు మొబైలులో ఆటయితే గంటసేపు కదలడు. అందువలన ఇది ఒట్టి పొగరని మేము తీర్మానించుకొన్నాము.

మేము చేసినది దాచుట ఎందుకు? కొట్టినాము. ఆఫీసునుండి వచ్చి, చెప్పులు విడువకముందే నోటుపుస్తకం అడుగుట, తప్పు చూచుట, కొట్టుట. ఒకనాడు ఒకే పుట నాలుగుసార్లు వ్రాయించినాము, నాలుగుసార్లూ తప్పే. అయిదవసారి "పుస్తకం చూడరా!" అని అరిస్తే వాడు ఏడ్చుకుంటూ, "చూస్తనే ఉన్న నాయనా, ఏది చూడాలె?" అన్నాడు.

ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు. గడపలో కూర్చున్న మా నాయన వద్ద ఉన్నది. ఆయన ఎన్నో ఏండ్లు మగ్గం మీద పని చేసినవాడు. "వేల పోగులల్ల తెగిన పోగు ఎతుకుమంటే కొత్తోనికి దొరుకుతదా? వేలు పెట్టి చూపాలె. ఆణ్ణి కొట్టకు" అన్నాడు. టవాళ్ళు కట్టి పంపే అట్టపెట్టె నుండి జానెడు ముక్క కత్తిరించి, నడుమ ఒక్క వరుస కనబడేటంత సందు కోసినాడు. దానిని పుట మీద పెట్టి, ఒక వరుస వ్రాయగానే క్రిందికి జరిపినాడు. మిగిలిన వరుసలన్నీ మూతపడినవి. ఆ రాత్రి ఆ పుటలో రెండే తప్పులు. మా నాయనకు ఏ డాక్టరూ ఇది చెప్పలేదు.

డాక్టరు వద్దకు పోవుట అటు తరువాత జరిగినది. మొదట కండ్ల డాక్టరు చూచి, చూపులో లోపం లేదన్నారు. ఈ పరీక్ష మాత్రం ఎవరూ మానరాదు. అద్దాలు కావలసిన పిల్లవానికి పరధ్యానమని పేరు పెట్టుట అన్యాయం. ఆ తరువాత పిల్లల మానసిక వైద్యుని వద్ద ఇది ఏ.డి.హెచ్.డి. అని తేలినది. దీనికి రక్తపరీక్ష లేదు, ఫోటో లేదు. లక్షణాలు 12 ఏండ్లలోపే కనబడినవా, కనీసం ఆరు నెలలుగా ఉన్నవా, ఇంటిలోనూ బడిలోనూ రెండుచోట్లా ఉన్నవా అని అడిగి అడిగి తేల్చుతారు. లండనులో జార్జి స్టిల్ అనే వైద్యుడు 1902లోనే ఇటువంటి పిల్లలను గూర్చి ఉపన్యసించినాడట. మనకు పేరు క్రొత్తగాని, పిల్లలు పాతవారే.

డాక్టరు చెప్పినదానిలో మాకు మనసుకు పట్టినది ఇది: ధ్యాస లేకపోవుట కాదు, కంటబడినవన్నీ ఒకే బరువుతో వచ్చి మీద పడితే అక్కరలేనివాటిని త్రోసివేయలేకపోవుట. నిమిష నిమిషానికీ ఏదో ఫలం చేతిలో పెట్టే ఆట మీద చూపు నిలుచుట కూడ ఇందులో మామూలేనట. మా "పొగరు" సిద్ధాంతం అక్కడే కూలినది.

ఇక ఇల్లు సర్దినాము. వాని ఎదుటి గోడకు మేమే కొనితెచ్చి అంటించిన అక్షరాల పటాలు, జంతువుల పటాలు, ఎక్కాలు అన్నీ పీకినాము. వేంకటేశ్వరస్వామి క్యాలెండరును మాత్రం మా అమ్మ తీయనీయలేదు. వాని వెనుక గోడకు మార్చినాము. స్వామి వానిని చూచుకొనవచ్చు, వాడు స్వామిని చూడనక్కరలేదు. ఇది మా వెర్రి కాదు. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు చిన్నపిల్లలకు నిండా అలంకరించిన గదిలో కొన్ని పాఠాలు, బోడి గోడల గదిలో కొన్ని పాఠాలు చెప్పి చూచినారు. బొమ్మల గదిలో చూపు ఎక్కువగా ప్రక్కకు పోయినది, నేర్చుకొన్నదీ తగ్గినది. వారు మామూలు పిల్లలే. మావాని సంగతి వేరే చెప్పవలెనా?

పుటకు పది లెక్కలకు బదులు మూడే వ్రాసి ఇచ్చినాము. పది నిమిషాలు పని, తరువాత మేడమీదికి పోయి రావచ్చు. చేయవలసిన పనులను వరుసగా బొమ్మలు గీసి పెట్టినాము. మా బొమ్మలు చూచి ఇంటిల్లిపాదీ నవ్వినారు.

బడిలో అంత సులువు కాలేదు. ముందుబల్ల అడిగితే, "ఇందరు పిల్లలలో ఒక్కనికి ప్రత్యేకమా?" అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నవి. చదువులో ప్రత్యేక లోపం అందులో ఉన్నది, ఏ.డి.హెచ్.డి. పేరు విడిగా లేదు. అందుచేత కాగితం చూపి గట్టిగా అడుగలేక బ్రతిమాలుకొన్నాము. మరుసటి ఏడు వచ్చిన బాయి వానిని తలుపుకు దూరంగా ముందు కూర్చోబెట్టి, మాట్లాడకుండానే పుస్తకం మీద వేలితో తట్టిపోయేది. ఆమెకు మా ఇంటి మగ్గం సంగతి తెలియదు.

కొన్నాళ్ళకు మందు కూడ వ్రాసినారు. ఆకలి కొంత తగ్గినది, కూర్చొనుట కొంత పెరిగినది. మందు పేరెత్తగానే భయపడేవారికి మేము చెప్పేది, డాక్టరునే అడగండి, ప్రక్కింటివారిని కాదు.

ఇప్పుడు వాడు ఆరవ తరగతి. మార్కులు గొప్పగా లేవు, తప్పిపోవుటా లేదు. అట్టముక్కలు తానే కోసుకొంటాడు. మేము చేయి చేసుకొనుట మాని రెండేండ్లు కావచ్చినది. మొన్న రాత్రి వాడు చదువుకుంటూండగా, వాని తలపైనున్న దీపం మీట వేయుటకు మేము చేయి ఎత్తితే, పుస్తకంలోనుండి చూపు తీయకుండానే తల ప్రక్కకు వంచుకొన్నాడు.