కారు లేకుండా విశాఖలో

ఈ పొద్దున మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కాను. పక్కనున్న పెద్దావిడ "కాస్త పట్టుకో తల్లీ" అంటూ మెంతికూర కట్టలున్న సంచీ నా ఒళ్లో పెట్టి చిల్లర వెతుక్కున్నారు. దిగేలోపు ఎంవీపీ రైతుబజారుకి ఏ వేళకి వెళ్తే కూరలు తాజాగా దొరుకుతాయో చెప్పేశారు.

హైదరాబాద్‌లో కారు అమ్మేసి వచ్చాం.
"ఎలా మరి?" అని అందరూ అడుగుతున్నారు.

భీమిలి దాకా సిటీ బస్సుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి ఛార్జీ కూడా లేదు.

కొత్త ఊళ్లో మనుషులు ఇంత త్వరగా దగ్గరవడం ఇలా తిరగడం వల్లే.
ఎండలో బస్సు కోసం నిలబడితే ఊరికేం కావాలో కూడా తెలుస్తోంది.
స్టాపులో నీడ.
బళ్లు ఆపని ఫుట్‌పాత్.
రాత్రి పొద్దుపోయాక కూడా బస్సు.
కారున్నవాళ్లూ ఇవి గట్టిగా అడగాలి.

మీ ఊళ్లో కారు లేకుండా గడుస్తుందా? చెప్పండి.