ఆకు క్రింది కాయ

భాద్రపదము చివరిదినములలో, గిద్దలూరు దాటి నల్లమల అంచున నున్న ఒక పల్లెకు, పచ్చకామెర్లకు పసరు ఇచ్చుచుండిన వృద్ధురాలిని చూడవలెనన్న చిరకాలవాంఛతో తెల్లవారకముందే చేరితిని. అప్పటికే ఆమె గంప చంకను పెట్టుకొని చేనిగట్టున కూర్చుండి యుండెను. ఎదుట జానెడెత్తు నేల ఉసిరి మొక్కలు, ఆకులన్నియు ముడుచుకొని, వడలినవో యన్నట్లుండెను. పెరుకబోయిన నా చేతిని ఆమె వారించినది.

"ఉండు నాయనా, అది నిద్ర లేవనీ."

ఎండ గట్టెక్కినకొలది ఆకులు మెల్లమెల్లగా విచ్చుకొనసాగెను. అప్పుడొక మొక్కను కూకటివేరుతో తీసి, కొమ్మను వెల్లకిల త్రిప్పి నా కన్నులకు దగ్గరగా పట్టెను. పైనుండి చూచువానికి చింతాకువలె, ఈనెకు రెండువైపుల రేకులు కూర్చినట్లు తోచునుగాని, అది ఈనె కాదు, సన్నని కొమ్మ. రేకులనుకొన్నవి వేర్వేరు పూర్ణపత్రములు. చింతరేకుల మొదట పువ్వు పుట్టుట యెక్కడను లేదు. ఇక్కడనో, ప్రతి ఆకు మొదటను మగపువ్వు ఒకటి, ఆడపువ్వు ఒకటి జంటగా తలవంచుకొని యున్నవి. వాని వెనుక ఆవగింజకంటె కొంచెము పెద్దవైన పచ్చని కాయలు, మూడేసి గదులు, గదికి రెండేసి గింజలు. ఇంతటి సంసారమును ఆకుచాటున దాచిన ఈ మొక్కను ఎన్నియేండ్లు త్రొక్కి నడచితినోకదా యని మనస్సు చివుక్కుమన్నది.

గంపలోనుండి కాడ ఎర్రనైన మొక్కను ఆమె ఏరి పారవైచెను. "దీని కాయకు కాడ లేదు, గరుకు గూడా. ఇది వేరేది" అన్నది. వృక్షశాస్త్రజ్ఞులును ఆ రెంటిని ఆ గురుతులతోనే వేరుపరతురు. మన పొలములలో విరివిగా కనబడు నేల ఉసిరి అమెరికా ఉష్ణదేశములనుండి వచ్చినదని వారి నిర్ణయము. దాని శాస్త్రీయనామములోని 'అమారస్' అను లాటిన్ పదమునకు చేదని అర్థము. ఆకు నమిలి చూచితిని. ఆ పేరు తగినదే.

వేళ్ల మట్టి కడిగి, మొక్కను సమూలముగా రోట నూరి, రేగుపండంత ఉండను మజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చును. నూనె తగులరాదని పథ్యము. 'లాన్సెట్' పత్రికలో 1988లో వెలువడిన మద్రాసు పరిశీలనలో, ఈ మొక్క చూర్ణమును ముప్పదిదినములు సేవించిన 37 మంది హెపటైటిస్-బి వాహకులలో 22 మంది రక్తమున ఆ వ్యాధిచిహ్నము కనబడకపోగా, మందులేని గుళికలు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగెను. అయినను తరువాతి పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. కలుషితజలమువలన వచ్చు కామెర్లు పెక్కు కొన్ని వారములలో తమంత తామే తగ్గును. పసరునకు దక్కిన కీర్తిలో కొంత శరీరమునకు చెందవలసినదే యని నా నమ్మకము.

ఆ ఉదయముననే ఒక యువకుని అతని తల్లి పట్టుకొని నడిపించుకొని వచ్చెను. కన్నులు పసుపుముద్దలు. వృద్ధురాలు వాని పాదముపై బొటనవ్రేలితో నొక్కి చూచెను. గుంట పడి అట్లే నిలిచెను. నూరిన ముద్దను ఆకుతో కప్పివేసి, "దీనికి నా పసరు చాలదమ్మా, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకపో" అని బండి కట్టించినది. ఆమెయెడ నాకు గౌరవము కలిగినది ఆ క్షణముననే.

తిరుగుప్రయాణమున నా కిచ్చిన మొక్కను ఇంట కాగితముపై ఆరబెట్టితిని. మూడవనాటి మధ్యాహ్నము కాయలు చిటచిట పగులుచు గింజలను మూరెడు దూరము చిమ్మెను. దొరికినవానిని ఏరి, తులసికోట ప్రక్కన చల్లితిని.