బదనిక

మన భాషలోని కొన్ని మాటలు నిఘంటువులో కూర్చుండియే యన్యాయము చేయుచుండును. అట్టివానిలో బదనిక యొకటి. చెట్టుపై మొలచిన మొక్కకెల్ల నదియే పేరు. ఆ మొక్క తన కాశ్రయ మిచ్చినదానిని తినుచున్నదా, లేక దాని కొమ్మపై కూర్చుండి తన కూడు తాను వండుకొనుచున్నదా యను విచారము మనకు లేదు. అమరకోశమునందును వృక్షాదని, వృక్షరుహ యను రెండు పదములు పర్యాయములుగా నొక్కచోటనే చేర్చబడినవి. మొదటిదానికి చెట్టును తినునది యనియు, రెండవదానికి చెట్టుపై పెరుగునది యనియు నర్థము. ఒకరి పంచను బ్రతుకు మనుష్యులకు గూడ మన మీ పేరునే పెట్టుచున్నాము గనుక, తినుటకును పెరుగుటకును గల భేదమును కొంచెము విచారింపవలసియున్నది.

ఉంగుటూరు చుట్టుపట్ల పాత మామిడితోటలలో రెండు విధముల బదనికలు కానవచ్చును. ఒకటి నారింజ, ఎఱుపు వన్నెల గొట్టపుపూలు పూచునది. దాని పండు జిగురుగా నుండును. చిన్నపిట్టలు పండును తిని గింజను కొమ్మకంటించి పోవును. ఆ గింజనుండి పుట్టిన వేరు బెరడును దొలిచి కొయ్యలోనికి దిగి, మామిడి తోడుకొన్న నీటిని, లవణములను కాజేయును. పట్టిన కొమ్మ క్రమముగా నీరసించును. రైతు దీనిని కోసివేయుట న్యాయమే.

రెండవదానిని వైద్యగ్రంథములు కనపబదనిక యని వ్రాసినవి. సామర్లకోటలో నుండి మన సర్కారు జిల్లాల మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గు దొర, 1795 లో వెలువడిన కోరమండలు తీరపు మొక్కల గ్రంథమున దీని పటమును ప్రకటించెను. పూరేకులపై గల గళ్లను సూచించు లాటిను పేరును దానికి పెట్టెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని వాండా టెస్సెల్లేటా యందురు. ఆ వాండా యనునది బదనికకు సంస్కృతమున గల వందా శబ్దమే. ఇది ఆర్కిడ్ కుటుంబములోనిది.

దీని వేళ్లు లావుగా, తెల్లగా బెరడునంటి ప్రాకును. ఒక్కటియు కొయ్యలోనికి దిగదు. వేరు చుట్టును మెత్తని తెల్లని పొర కలదు. వాన పడినంతనే ఆ పొర నీటిని పీల్చుకొనును. బెరడు వెంట జారు నీటిలోని స్వల్ప లవణములే దీనికి ఎరువు. ఆకులు పచ్చనివి, ఎండ సాయమున తన యన్నమును తానే వండుకొనును. పగలు నీరు ఆవిరి కాకుండ ఆకు రంధ్రములను మూసికొని, రాత్రివేళ తెఱచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొనును. చెట్టు దీని కిచ్చునది నిలువ చోటు మాత్రమే.

అయినచో ఈ మొక్క యెవరికిని ఋణపడలేదా? పడినది, గాని ఋణదాత చెట్టు గాదు, బూజు. ఆర్కిడ్ కాయలో గింజలు ధూళివలె లెక్కకు మిక్కిలిగా నుండును. వడ్లగింజలో మొలకకు వలయు నాహారమును ప్రకృతి కట్టి పెట్టినది. ఈ గింజలో నట్టి మూట లేదు. 1899 లో ఫ్రాన్సు దేశమున నోయెల్ బెర్నార్ నేలపై పెరుగు నొక ఆర్కిడ్ మొలకలను పరీక్షించి, వానిలో బూజుపోగు లుండుట కనిపెట్టెను. ఆ పోగులు గింజలోనికి చొచ్చి కణములలో చుట్టలు చుట్టుకొనును. మొలక ఆ చుట్టలను జీర్ణించుకొని పెరుగును. ఆ దశలో బూజునకు వచ్చు ప్రతిఫల మేదియు కానరాదు. 1922 లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన ఆహారముపై బూజు లేకయే గింజలను మొలపించెను. బూజు అందించుచుండినది ముఖ్యముగా నట్టి యాహారమే యని దానివలన తేలినది. అడవిలోను, తోటలోను చక్కెర పెట్టువారెవ్వరు? ముదురు చెట్టు బెరడు పగుళ్లలో, కుళ్లిన ఆకుముక్కలపై బ్రతుకు బూజే పెట్టవలెను. కావుననే బాటకై ముదురు చింతను కొట్టి మఱియొకచోట చిన్నమొక్కను నాటినంతమాత్రమున నష్టము తీరదు. ఆ బెరడు పగులుటకు దశాబ్దములు పట్టును.

మా యింట నొక మేనత్త యుండెడిది. పదునెనిమిదవ యేట భర్తను గోలుపోయి పుట్టింటికి వచ్చినది. పెద్దలకు కోపము వచ్చినపుడు ఆమెను బదనిక యనెడివారు. ఆమె తెల్లవారకముందే లేచి పాలు పితికెడిది, వంట చేసెడిది, మా నలుగురు పిల్లలకు నీళ్లు పోసి, అన్నము పెట్టి, జ్వరము వచ్చినపుడు రాత్రులు మేలుకొనెడిది. భర్తవలన ఆమెకు వచ్చిన యెకరమున్నర మాగాణి మా వారి సేద్యములోనే యుండెను. దాని కౌలు ఆమె చేతిలో పడుట నేనెన్నడును చూడలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ యాస్తిపై ఆమెకు సంపూర్ణమైన హక్కు నిచ్చినది. ఆ మాట మా యత్తకు చెప్పినవారు లేరు. చదువరులారా, ఆ యింట నెవరిపై నెవరు బ్రతికిరో మీరే చెప్పుడు. తమలో తిండిమూట లేని గింజలము మేము. మాకు తిండి పెట్టినది ఆమె. ఆమె పేరు మాత్రము బదనిక!

ఫలానా నక్షత్రమున తెచ్చిన బదనికను తాయెత్తులో నుంచుకొన్న ధనము చేరుననియు, పరులు వశమగుదురనియు నమ్మి కొనువారు నేటికిని కలరు. ఒక్క తాయెత్తునకై యేండ్ల తరబడి పెరిగిన మొక్క పెల్లగింపబడుచున్నది. ధనము చేరునది అమ్మినవానికి మాత్రమే. ఆర్కిడ్లన్నియు అంతర్జాతీయ వర్తక నియమముల రక్షణలో నున్నవని ఆ కొనువా రెఱుగరు.

ఇకమీద తోటలో బదనికను కొట్టింపబోవునపుడు నిచ్చెన వేయించి వేరును చూడుడు. లోనికి దిగినదైనచో కోయింపుడు. బెరడుపై ప్రాకినదైనచో విడువుడు. ఇంటిలో నెవరినైన నా మాట యనుటకు ముందు పట్టా యెవరి పేర నున్నదో, కౌలు ఎవరి చేతికి పోవుచున్నదో, తెల్లవారుజామున పొయ్యి వెలిగించున దెవరో చూడుడు.