జౌహర్ కనబడే కెమెరా

మా మామూజాన్ దగ్గర పదకొండు చాకులూ ఖంజర్లూ ఉన్నాయి. ఈద్ తర్వాత ముగ్గురు కొడుకులకీ పంచేస్తారట. "బట్వారా అయ్యేలోపు వీటి తస్వీర్లు తియ్యి బేటా" అన్నారు.

కొత్త కెమెరా కొందామని ఫొటోగ్రాఫర్ దోస్త్‌ని సలహా అడిగాను. "చాకు కదలదు కదా భాయ్, అంత ఖరీదైనది దేనికి?" అన్నాడు. వాజిబ్ మాటే. పాత డీఎస్ఎల్ఆర్ చాలు. ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 100లో తీరిగ్గా తీసుకోవచ్చు. ఉక్కు ఆయినా లాంటిది, కిటికీనీ మన మొహాన్నీ కూడా చూపిస్తుంది. కాబట్టి వెలుతురుకి అడ్డంగా తెల్లటి మల్మల్ పరదా కట్టాలి.

ఖర్చు పెట్టాల్సింది మాక్రో లెన్స్ మీద. ఒక ఖంజర్ మీద నీటి అలల్లాంటి గీతలున్నాయి. వాటినే జౌహర్ అంటారు. ఇలాంటి కత్తుల కోసమే ఒకప్పుడు ఇరాన్ తాజిర్లు మన నిజామాబాద్ వైపు కోనసముద్రం దాకా వచ్చి ఉక్కు కొనుక్కెళ్లేవారు. నా ఫోన్ కెమెరా ఆ గీతల్ని నున్నగా తుడిచేస్తోంది.

చిన్నప్పట్నుంచీ ఈ ఖంజర్లకి నూనె రాసింది మామూ కూతురు, మా ఆపా. బట్వారాలో ఆపా పేరు లేదు. ఆమె చేతికిచ్చే తస్వీర్లో జౌహర్ కనబడాలి. 100 ఎంఎం మాక్రో లెన్స్ రెండ్రోజులకి కిరాయికి తెస్తున్నాను.