దాపున నున్న చేయి

పనిచేయుచోట నొకడు కూలిపోయినప్పుడు అతనిని మొట్టమొదట ముట్టుకొనువాడు వైద్యుడు కాడు, అధికారి కాడు, చుట్టము కాడు, ప్రక్కనున్న తోడిపనివాడు. ఇది యెవ్వరును విధించిన నియమము కాదు, దూరము చేసిన నిర్ణయము. ఆపద పదవిని జూచి పిలువదు. దాపున నున్నవానిని పిలుచును. అయినను మన కచేరీలలో, బడులలో, కర్మాగారములలో, ఇండ్లలో ఆపదను దాటించు తెలివిని మనము దాపున నున్నవాని కిచ్చుచున్నామా, దూరమున నున్నవాని కిచ్చుచున్నామా? ఈ ప్రశ్న కొంతకాలముగా మమ్ము వదలకున్నది.

పాఠములు చెప్పుకొను భాషోపాధ్యాయులకు ఈ గొడవ యేలయని చదువరులు నవ్వవచ్చును. మా జవాబు భాషలోనే యున్నది. సంస్కృతమున సహాయుడనగా మొదటి యర్థము తోడ నడచువాడు. తోడ్పడువాడనునది దానివెంట వచ్చిన యర్థము. మన పెద్దలు సాయము చేయువానికి వేఱుగా నొక పేరు వెదకలేదు. తోడ నడచువాని పేరే యతనికి బెట్టిరి. ఆ మాటను దినమునకు పదిసార్లు పలుకు మనము ఆ మొదటి యర్థమును మఱచితిమి. సహాయమనగా నేడు మనకు మీదినుండి క్రిందికి దిగివచ్చునది: ప్రభుత్వసహాయము, దాతల సహాయము, ఆస్పత్రి సహాయము. ప్రక్కనుండి వచ్చు సహాయమునకు మన లెక్కలలో పద్దు లేదు.

అట్టి సహాయమునకు లోకమెఱిగిన నిదర్శన మొకటి కలదు. 1967 జూలై నెలలో అమెరికాదేశమున, ఫ్లారిడా రాష్ట్రమునందలి జాక్సన్‌విల్ పట్టణమున, కరెంటు స్తంభముమీద పనిచేయుచున్న రాండల్ ఛాంపియన్ అను లైన్‌మన్‌కు 4000 వోల్టులకు మించిన తీగ తగిలెను. నడుమునకు గట్టుకొన్న పట్టె యతనిని నేలపై బడనీయలేదు. అతడు స్తంభముననే వెనుకకు వాలి తలక్రిందుగా వ్రేలాడెను. జె. డి. థాంప్సన్ అను తోడిపనివాడు వెంటనే అతనిని చేరి, తల నొకచేత బట్టుకొని, నోటిలో నోరు పెట్టి ఊపిరి యూదెను. స్తంభముమీద ఎదురురొమ్ము నొక్కుటకు వీలులేదు గదా. నాడి యించుక తగులువఱకు ఊది, పిమ్మట పట్టె విప్పి, అతనిని భుజముపై వేసికొని దిగెను. రాకో మోరబీటో అను పత్రికా ఛాయాగ్రాహకుడు ఆ క్షణమున తీసిన చిత్రమునకు 1968లో పులిట్జరు బహుమానము వచ్చెను. ఛాంపియన్ 2002 వఱకు జీవించెను.

ఆ చిత్రమును జూచి స్నేహమని కొందఱు, సాహసమని కొందఱు మెచ్చుకొందురు. రెండును నిజమే. మాకు మాత్రము అందు మూడవది యొకటి కనబడును. ఊపిరి యెట్లూదవలెనో థాంప్సన్‌కు ముందే తెలియును. తెలియకున్నయెడల ఆ స్నేహము ఆ స్తంభముమీద కన్నీరు కార్చి యూరకుండెడిది.

ఇంకొక సంగతి వినుడు. ఎదురురొమ్ము నొక్కి, ఆగిన గుండెచేత రక్తమును నడపించు పద్ధతిని 1960లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు జెందిన మువ్వురు లోకమునకు వెల్లడించిరి. వారిలో పెద్దవాడైన విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు. తీగలపై పనిచేయువారు కరెంటు తగిలి చనిపోవుచుండుటచేతనే ఆయన యీ పరిశోధనలోనికి వచ్చెను. దీనికి పెద్ద పరికరములు వలదనియు, ఎచ్చటనైనను ఎవ్వరైనను రెండు చేతులతో మొదలు పెట్టవచ్చుననియు ఆ మువ్వురును వ్రాసిరి. నేడు మేడలో కూలిన ధనికునికి ప్రాణము నిలుపు విద్య నాడు స్తంభములపై చనిపోయిన పనివారి పేర బుట్టినది. పుట్టిన యింటికి అది యెంతవఱకు తిరిగి వచ్చెనో మన యూరి పనివారి నడిగిన దెలియును.

ఇక తెలివి తోడులేని తెగువ యేమగునో చూతము. 2015 నవంబరు 26వ తేదీన కేరళమునందలి కోళిక్కోడు నగరమున మురుగుకాలువ మ్యాన్‌హోలులో దిగిన యిద్దఱు కూలీలు చిక్కుకొనిరి. ఆ యిద్దఱును ఆంధ్రదేశమునుండి పొట్టచేత బట్టుకొని పోయినవారే. దాపుననున్న యొక ఆటో నడుపు యువకుడు, వారికి చుట్టము కాడు, తోడిపనివాడైనను కాడు, వారిని పైకి దీయుటకై దిగెను. మువ్వురును చనిపోయిరి. ఆ యువకుని త్యాగమునకు మేము చేతులెత్తి మ్రొక్కుదుము. కాని మ్రొక్కి యూరకుండుట న్యాయము కాదు.

మురుగుగుంటలలో హైడ్రోజన్ సల్ఫైడను విషవాయువు పుట్టును. కొంచెముగా నున్నప్పుడది క్రుళ్ళిన కోడిగ్రుడ్ల కంపు కొట్టును. హెచ్చినప్పుడు వాసన దెలియు శక్తినే చంపును. అపాయము పెరుగునప్పుడు హెచ్చరిక తగ్గును. ప్రాణవాయువు తక్కువైన గుంటలోనైతే ఆ హెచ్చరికయైనను ఉండదు. పైనుండి చూచువానికి క్రింద బడియున్న మనిషి కనబడును. ఆ మనిషిని బడవేసినది కనబడదు. అందుచేత రెండవవాడు దిగును, వానికొఱకు మూడవవాడు దిగును. ఇట్టి యిరుకుతావులలో చనిపోయినవారిలో నూటికి 60 మందికి మించి రక్షింపబోయినవారేయని అమెరికాదేశపు వృత్తిరక్షణ పరిశోధనసంస్థ 1986లో ప్రకటించెను.

మన చట్టములు ఈ సంగతి నెఱుగనివి కావు. గాలిని పరీక్షించి నిరపాయమని ధ్రువపఱచని విషపుతొట్టిలోనికి దిగువాడు ఊపిరి పరికరము ధరింపవలెననియు, నడుమున గట్టిన త్రాటి రెండవ కొనను బయటనున్నవాడు పట్టుకొని యుండవలెననియు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెను. రక్షణసామగ్రి లేకుండ మురుగుకాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనుష్యులచేత శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించెను. బెజవాడ విల్సన్ మొదలగువారు నడపు సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన వ్యాజ్యమున, కాలువలలో చనిపోయినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయల చొప్పున ఇయ్యవలెనని 2014లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను; 2023లో మఱియొక వ్యాజ్యమున దానిని 30 లక్షలు చేసెను. చనిపోయినవాని వెల పెరిగినది. త్రాడు మాత్రము ఇంకను అన్ని గుంటలకు రాలేదు. ఆ త్రాటిలో మాకొక ధర్మశాస్త్రము కనబడుచున్నది. పైనున్నవాడు దిగనక్కఱలేకయే దిగినవానిని లాగవలెను. తోడివానిని రక్షించుటకై చావనక్కఱలేని యేర్పాటు చేయుట యజమానుని ధర్మము. అది లేనిచోట తోడివాని త్యాగమును పొగడుట మన తప్పుపై మనమే పూలు జల్లుకొనుట.

మా కన్నులయెదుట జరిగిన దొకటి చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట, వానకాలమున, మేము పనిచేయుచుండిన యొక ఉన్నతపాఠశాలలో, బోరుబావి మోటారు వేయబోయిన బంట్రోతు తడిసిన యినుపగొట్టము నంటుకొని బిగిసిపోయెను. తీగపైనున్న తొడుగు చెడి గొట్టమునకు కరెంటు ప్రాకియుండెను. కేక విని మేమును, గణితోపాధ్యాయుడును, వ్యాయామోపాధ్యాయుడును పరుగెత్తితిమి. అందఱికంటె ముందున్న గణితోపాధ్యాయుడు బంట్రోతు భుజము పట్టుకొనుటకు చేయి చాచెను. అంతలో పిల్లలకు మధ్యాహ్నభోజనము వండునామె వంటశాల గుమ్మమునుండి “ముట్టుకోకండి సారూ, కరెంటు!” అని యఱచి, మా వైపు రాక, ఎదురుదిక్కునకు పరుగెత్తెను. వరండాగోడ నున్న మెయిను స్విచ్చిని క్రిందికి లాగెను. బంట్రోతు చేయి వదలి నేలకొరిగెను.

ఊపిరి కనబడలేదు. వ్యాయామోపాధ్యాయుడు తాను శిక్షణలో నేర్చిన చొప్పున అతని ఎదురురొమ్ము నడుమ అరచేతిపై అరచేయి బెట్టి నొక్కసాగెను. మేము బిగ్గఱగా లెక్కపెట్టితిమి. ఆయన చేతులు సోలినప్పుడు మేము నొక్కితిమి, ఆయన లెక్కపెట్టెను. గణితోపాధ్యాయుడు 108కి ఫోను చేసెను. బండి వచ్చుసరికి బంట్రోతు దగ్గి, కన్నులు తెఱచియుండెను. నెలదినములకు మరల గంట కొట్టుటకు వచ్చెను.

ఆ సాయంకాలము మేము వంటామెను, “అమ్మా, నీకీ సంగతి యెట్లు తెలిసె”నని యడిగితిమి. ఆమె గిన్నె తోముచునే చెప్పెను: “మా అన్న కరెంటు పనికి కూలికి పోయేవాడు సారూ. పక్కోడు తీగకు అంటుకుంటే పట్టుకొని లాగబోయినాడు. ఇద్దరూ పోయినారు. ఆ దినం వచ్చిన లైన్‌మన్ చెప్పినాడు, ముందు స్విచ్చి ఆపాలమ్మా అని.” ఎంత చిన్న వాక్యము! అది యామెకు అన్న శవము ప్రక్కన దొరికినది. అది యొక దినము ముందుగా అన్నకు దొరికియుండిన నెంత చౌకగా నుండెడిది!

ఆ పాఠశాలలో ప్రథమచికిత్స పెట్టె లేకపోలేదు. అది ప్రధానోపాధ్యాయుని గదిలో బీరువాలో నుండెను. బీరువా తాళపుచెవి గుమాస్తాయొద్ద నుండెను. గుమాస్తా సెలవులో నుండెను. ఆపదవేళ లందు శిక్షణకు పిలుపు వచ్చినప్పుడెల్ల ఉపాధ్యాయుల పేర్లే వ్రాసి పంపిరి. వంటామె పేరుగాని, బంట్రోతు పేరుగాని యే పట్టికలోను లేదు. పొయ్యి దాపున నుండునది ఆమె. మోటారు దాపున నుండునది అతడు. కొన్నాళ్లకు సన్మానసభ జరిగెను. వ్యాయామోపాధ్యాయునికి శాలువ కప్పిరి. ఆయన లేచి, “ముందు స్విచ్చి ఆపినది ఆమె, లేకున్న నేడు మీరు రెండు చిత్రపటములకు దండలు వేయవలసియుండెడిది” అని చెప్పువఱకు ఆమె వెనుక వంటశాలలో సభ్యులకు టీ కాచుచునే యుండెను. ఆమె వండిన యన్నము తమ బిడ్డలు తినరాదని యొకప్పుడు తగవు పెట్టిన తండ్రులలో నిద్దఱు ఆ సభలో నుండిరి. స్విచ్చిమీద బడిన యామె చేతిని మాత్రము ఎవ్వరును మైలయని యనలేదు!

తెలియనివాడు చేయి పెట్టిన కీడు కాదాయని కొందఱడుగుదురు. నిజమే. అందుకే నేర్పుమనుచున్నాము. నేర్వవలసినది కొండంత యున్నదా? ఇంటి కరెంటైన మొదట స్విచ్చి. అది యందనిచో పొడిపలకమీద నిలిచి పొడికఱ్ఱతో తీగను త్రోయుట. వీథిలోని పెద్దతీగ తెగిపడిన, కఱ్ఱతోనైనను దగ్గఱకు పోక, కరెంటువారిచే నిలిపించుట. గుంటలో మనిషి పడిన దిగక కేకవేయుట. పిలిచిన పలుకక, సరిగా ఊపిరి తీయనివానికి 108ని పిలిచి, ఎదురురొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మాఱులు, రెండంగుళముల లోతున నొక్కుట. ప్రక్కటెముక విఱుగునేమోయని భయపడుదురు. విఱిగిన యెముక యతుకుకొనును. రక్తమందని మెదడు నాలుగైదు నిమిషములకే చెడనారంభించును. ధీరుడను మాటలో ‘ధీ’ యనగా బుద్ధి గదా. పరుగెత్తు కాళ్లకు ముందు ఒక్క క్షణము బుద్ధిని పోనిచ్చువాడే ధీరుడు. వంటామె మా వైపు రాక గోడవైపు పరుగెత్తినదే, అది ధైర్యము.

పంచతంత్రమున మూడు చేపల కథ నెఱుగనివారు లేరు. రాబోవుదానిని ముందే కనిపెట్టి పోయిన అనాగతవిధాత, వల పడినప్పుడు ఉపాయము పన్నిన ప్రత్యుత్పన్నమతి, కానున్నది కాకమానదని కూర్చున్న యద్భవిష్యుడు. మన సభలలో శాలువలన్నియు రెండవ చేపకే. మన కార్యాలయములను నడపునది మూడవ చేప. తొడుగు చెడిన తీగను ముందుదినమే మార్పించు మొదటి చేపకు దండ వేసిన సభను మేమింతవఱకు చూడలేదు. అతడు తన పని చేసిననాడు ఏమియు జరుగదు, జరుగనిదానికి సన్మానము లేదు.

చదువరులారా, ఇదంతయు కర్మాగారముల సంగతి, మాకేమియని పత్రిక మూయకుడు. మీ యిల్లు మీకిల్లు. మీ యింట అంట్లు తోమునామెకు అది పనిచేయుచోటు. తడిచేతులతో ఆమె ముట్టు గ్రైండరు, బట్టలుతుకు యంత్రము, నీళ్ల మోటారు ఆమె యంత్రములు. మీ పెరటి సెప్టిక్ ట్యాంకు, దానిని తోడుటకు మీరు పిలుచు మనుష్యులకు, కోళిక్కోడు మ్యాన్‌హోలునకు తోబుట్టువు. రేపామె వచ్చినప్పుడు మెయిను స్విచ్చి యెక్కడనున్నదో చూపుడు. ఆమెచేతనే ఒకసారి వేయించి తీయింపుడు. మీకు కరెంటు తగిలిన దాపున నుండునది ఆమెయే. ఆమెకు తగిలిన దాపున నుండువారు మీరే. చూపుటకు పట్టునది ఒక్క నిమిషము. ఆపదనాడు మనకు దొరకునది నాలుగు.