బాలమురళి రాసిన పాటలు

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, దుబాయిలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వినిపించని ఇల్లు అరుదు. భద్రాచల రామదాసు కీర్తనలు, నారాయణతీర్థుల తరంగాలు, సదాశివ బ్రహ్మేంద్రుల కృతులు ఆ గొంతులోనే తెల్లవారుజామున వంటింట్లో, సాయంత్రం కారులో మోగుతూ ఉంటాయి. అయితే అదే ఇంట్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలను బాలమురళి స్వయంగా రచించి స్వరపరచిన కృతి ఒక్కటి పాడమని అడిగితే చాలామంది మౌనంగా ఉండిపోతారు, నేర్పే గురువులలోనూ కొందరు తడబడతారు. ఆయన గాయకుడిగా ప్రవాసానికి పూర్తిగా చేరారు, వాగ్గేయకారుడిగా మాత్రం సగమైనా చేరలేదు.

పాటలోని మాటలను, ఆ మాటలు నడిచే మట్టును ఒక్కరే కూర్చితే ఆ వ్యక్తిని వాగ్గేయకారుడంటారు. సంగీత శాస్త్రం మొదటిదాన్ని మాతువనీ, రెండోదాన్ని ధాతువనీ పిలుస్తుంది. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు అందరూ ఈ కోవకు చెందినవారే కాగా, ఇరవయ్యో శతాబ్దంలో ఆ వరుసను తెలుగులో, సంస్కృతంలో అంత విస్తారంగా కొనసాగించినవారిలో బాలమురళి అగ్రగణ్యులు. నాలుగు వందలకు పైగా రచనలు ఆయన పేరిట ఉన్నాయని సంగీతలోకం లెక్క చెబుతుంది.

ఆయన జన్మస్థలం కోనసీమలోని శంకరగుప్తం. గోదావరి పాయల మధ్య లంకలూ కొబ్బరితోటలూ నిండిన ఆ సీమలో పడమటి కొసన, రాజోలుకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ గ్రామంలో 1930 జులై 6న ఆయన పుట్టారు.   రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాలనుంచి కువైట్, దోహా, మస్కట్ నగరాలకు ఇంటిపనికీ, డ్రైవరు పనికీ వెళ్లిన కుటుంబాలు తరం తర్వాత తరంగా ఉన్నాయి కనుక, ఆ మట్టికి ప్రవాసం కొత్తది కాదు. బాలమురళి కూడా బాల్యంలోనే ఆ ఊరు వదిలి విజయవాడలో పెరిగి, ఆ తర్వాత మద్రాసులో స్థిరపడినవారే. కోనసీమ సంతానంలో పుట్టిన ఊరికి దూరంగా జీవించి ఖ్యాతి గడించినవారి కథలో ఆయనది తొలి వరుస.

తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. కొడుకు పుట్టిన కొద్ది రోజులకే ఆమె కన్నుమూశారు. వేణువు, వయొలిన్, వీణ తెలిసిన తండ్రి పట్టాభిరామయ్య బిడ్డను పెంచి, సంగీతం కోసం పారుపల్లి రామకృష్ణయ్య పంతులు చేతిలో పెట్టారు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లివారు. అంటే త్యాగయ్యకూ బాలమురళికీ నడుమ ముగ్గురే గురువులు. ఎనిమిదేళ్ల ప్రాయంలో విజయవాడలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా ఆ పిల్లవాడు నిండు కచేరీ చేశాడు. మురళీకృష్ణ అన్న పేరుకు ముందు ‘బాల’ చేర్చినవారు ప్రసిద్ధ హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్.

ఆయన రచనా జీవితంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే పని కౌమారంలోనే జరిగింది. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి ప్రతిపాదించిన మేళకర్త పద్ధతి ప్రకారం కర్ణాటక సంగీతంలో డెబ్బైరెండు జనక రాగాలుంటాయి. అంటే ఏడు స్వరాలూ క్రమంగా పలికే, ఇతర రాగాలకు తల్లిగా నిలిచే రాగాలు. వీటిలో నలభై రాగాలను వివాది మేళాలంటారు. పక్కపక్కనే ఉండే రెండు స్వరాలు, ఉదాహరణకు శుద్ధ రిషభమూ శుద్ధ గాంధారమూ, ఒకదానితో ఒకటి పొసగక ఘర్షించే రాగాలవి కనుక, దోషభయంతో విద్వాంసులు వాటి జోలికి వెళ్లడానికి జంకేవారు. బాలమురళి కనకాంగి మొదలు రసికప్రియ దాకా, వివాది మేళాలను ఒక్కటీ వదలకుండా, డెబ్బైరెండింటికీ కృతులు కట్టారు. అంతకుముందు తమిళంలో కోటీశ్వర అయ్యర్ ఇటువంటి కార్యాన్ని సాధించిన మాట నిజమే. కానీ ఆయన దానిని జీవితపు మలిదశలో, పరిణతితో చేపట్టగా, మీసమైనా రాని వయసులో తెలుగు కుర్రవాడు మొదలుపెట్టడమన్నది వేరే సంగతి. ఆ కృతులు 1952లో జనక రాగ కృతి మంజరిగా వెలువడ్డాయి, తరువాతి కాలంలో ‘రాగాంగ రావళి’ పేరుతో ఆయన గొంతులోనే రికార్డు అయ్యాయి.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో ప్రారంభమైంది. అక్కడ లలిత సంగీత ప్రయోక్తగా బాలమురళి చేసిన కృషి, ముఖ్యంగా ఉదయపు భక్తిరంజని కార్యక్రమానికి ఆయన అందించిన పాటలు, ఒక తరం తెలుగువారి చెవులను తీర్చిదిద్దాయి. పాడేవారు తగ్గిపోయి మరుగున పడుతున్న రామదాసు కీర్తనలకు, జనంలో ఉన్న తత్త్వాలకు ఆయన కొత్తగా ప్రాణం పోశారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలుగానూ పనిచేశారు. ఇతర వాగ్గేయకారుల కోసం ఇంతగా శ్రమించిన కారణంగా సామాన్య శ్రోతకు ఆయన ప్రధానంగా ఇతరుల పాట పాడేవారిగానే గుర్తుండిపోయారు. ప్రవాసులు సూట్‌కేసులో క్యాసెట్లు సర్దుకుని వెళ్లిన కాలంలో ఆ క్యాసెట్లపై ఉన్నవీ రామదాసు, అన్నమయ్యల పేర్లే తప్ప రచయితగా బాలమురళి పేరు కాదు.

ఆయన సృష్టించిన రాగాలలో మహతి అన్నది ఎంత ధైర్యమో తెలియాలంటే పియానో దగ్గర కూర్చోవడం మంచిది. శాస్త్ర మర్యాద ప్రకారం రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలని పూర్వులు చెప్పగా, మహతిలో ఉన్నవి నాలుగే: షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. విదేశాల్లో పియానో నేర్చుకుంటున్న తెలుగు పిల్ల ‘సి’ మెట్టును షడ్జమంగా పెట్టుకుంటే, మిగిలినవి ‘ఇ’, ‘జి’, ‘బి ఫ్లాట్’ అవుతాయి. ఆ నాలుగింటినీ కలిపి నొక్కితే ఆమె పాఠ్యపుస్తకంలో సెవెంత్ కార్డ్ అన్న పేరుతో ఉండే స్వరసమూహం మోగుతుంది. పాశ్చాత్య సంగీతంలో ఆ సమూహం స్థిరంగా నిలవదు, వినేవారి చెవి వెంటనే అది మరో సమూహంలోకి దిగి విశ్రమించాలని కోరుతుంది. బాలమురళి ఆ స్వరాలను ఒకేసారి మోగించక ఒకదాని వెంట ఒకటిగా నడిపించారు, ఎక్కడికీ దిగనివ్వలేదు, తీరని ఆ ఎదురుచూపునే రాగభావంగా నిలబెట్టారు. రెండు సంగీతాల మధ్య పెరుగుతున్న పిల్లలకు ఇంతకంటే దగ్గరి ద్వారం మరొకటి దొరకదు. లవంగి కూడా నాలుగు స్వరాల రాగమే, సర్వశ్రీలో స్వరాలు మూడే.

ఈ సృష్టిని అందరూ హర్షించలేదు. ప్రసిద్ధ వైణికుడు ఎస్. బాలచందర్ 1980లలో వీటి రాగత్వాన్నీ, కొత్తదనాన్నీ గట్టిగా ప్రశ్నించగా, మద్రాసు సంగీత వర్గాలు రెండుగా చీలి వాదించుకున్నాయి. శాస్త్ర చర్చలో ఆ ప్రశ్నలకు స్థానముంది. కానీ ఒక స్వరక్రమం రాగమా కాదా అన్నది చివరికి అందులో పుట్టిన పాట నిలుస్తుందా లేదా అన్నదానిపైనే ఆధారపడుతుంది. మహతి నిలిచింది, 1975లో వచ్చిన తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ ఆ రాగాన్ని ఆధారం చేసుకుని కట్టిన పాటను ఏసుదాసు పాడగా, శాస్త్రం ఎరగని లక్షలమంది నోట ఆ నాలుగు స్వరాలు నాట్యమాడాయి.

తాళంలోనూ ఆయన ఊహ ఆగలేదు. తాళం వేసేటప్పుడు చప్పుడయ్యే చరుపును సశబ్ద క్రియ అంటారు, వేళ్ల లెక్క, చేతిని తిప్పడం వంటి చప్పుడు లేనివి నిశ్శబ్ద క్రియలు. ఆయన చరుపుల దగ్గర మాత్రమే గతి మారే త్రిముఖి, పంచముఖి వంటి తాళాలను రూపొందించారు. గాత్రంతోపాటు వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాయించగల చేయి కనుకనే లయ గురించి అటువంటి ఆలోచన వచ్చి ఉంటుంది.

సినిమా ఆయనకు పక్కదారి మాత్రమే, అయినా అక్కడా గుర్తుండే పనులే చేశారు. 1963లో ‘నర్తనశాల’లో బృహన్నల పాత్రకు పాడారు, ఆ చిత్రానికి సంగీతం కూర్చిన సుసర్ల దక్షిణామూర్తి, బాలమురళి గురువుకు గురువైన దక్షిణామూర్తి శాస్త్రి మనవడే. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో నారదుడిగా నటించారు. కన్నడ చిత్రం ‘హంసగీతె’ గానానికీ, ‘మధ్వాచార్య’ సంగీతానికీ జాతీయ పురస్కారాలు అందుకున్నారు. 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’లో ఆయన పాడింది తమిళ భాగం, కోనసీమలో పుట్టినవాడు తమిళనాడుకు ప్రతినిధిగా నిలవడంలో వింత లేదు, వలస వెళ్లినచోటును సొంతం చేసుకున్న మనిషికి దక్కిన గౌరవమది. 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వపు షెవాలియే గౌరవం ఆయన్ను వరించాయి. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.

పాటకర్తను పోగొట్టుకున్న ప్రవాసం ఎలా దుఃఖించగలదో చూపే పోలిక ఒకటుంది. అదే ఏడాది ఆగస్టు 28న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో మెక్సికో దేశపు పాటకర్త, గాయకుడు హువాన్ గాబ్రియెల్ మరణించారు. రెండు రోజుల ముందే లాస్ ఏంజెలెస్ సమీపంలో ఆయన కచేరీ చేశారు. మిచోవాకాన్ రాష్ట్రంలోని పరాక్వారో అనే చిన్న ఊరిలో 1950లో పుట్టి, పసితనంలోనే తండ్రికి దూరమై, సరిహద్దు పట్టణం సియుదాద్ హువారెస్‌లో ఆశ్రమ పాఠశాలలో పెరిగిన ఆయన, తన పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి పాడినవారు. 1974లో చనిపోయిన తల్లి జ్ఞాపకంగా నిలిచిన ఆయన పాట ‘అమోర్ ఎతెర్నో’ మెక్సికన్ల ఇళ్లలో అంత్యక్రియల వేళ పాడే పాటగా స్థిరపడిపోయింది. టెక్సాస్, కాలిఫోర్నియాలలో తెలుగు కుటుంబాలకు మెక్సికన్లు పొరుగువారు, సహోద్యోగులు. ఆ ఆగస్టులో వారు పడిన దుఃఖాన్ని చూసినవారికి, ఒక పాటకర్త పోతే పనిమనిషి నుంచి ఇంజనీరు దాకా అందరూ ఆయన మాటలనే పాడుకుని ఏడవగలిగారని తెలుసు. నవంబరులో బాలమురళి పోయినప్పుడు ప్రవాసాంధ్రులు నిజంగానే బాధపడ్డారు, సంతాప సభలు జరిపారు, కానీ చాలా సభలలో పాడడానికి అందరికీ వచ్చినవి రామదాసు పాటలే. శాస్త్రీయ కృతికీ జనరంజకమైన పాటకూ ఉన్న అంతరం దీనికి కొంత కారణం, కానీ పూర్తి కారణం కాదు. త్యాగరాజ కృతులూ శాస్త్రీయమే, అయినా ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా జరుగుతున్న ఆరాధనలో పంచరత్నాలను వందల గొంతులు కలిసి పాడుతున్నాయి.

ఆయన రచన ప్రవాసంలో బాగా చెల్లుబాటైన చోటు ఒక్కటుంది, అది తిల్లానా. తిల్లానా అంటే తాళపు జతులకు స్వరం తొడిగి చివర కొద్ది సాహిత్యంతో ముగించే రచన. కూచిపూడి, భరతనాట్య రంగప్రవేశాలలో ఆయన కదనకుతూహల, బృందావని తిల్లానాలకు ఎందరో పిల్లలు అడుగులు వేస్తుంటారు. ఆ ఆహ్వానపత్రాలలో రాగం పేరూ, తాళం పేరూ తప్పక ఉంటాయి, రచయిత పేరు మాత్రం కొన్నిసార్లు కనపడదు. చివరి చరణంలో తన ముద్రగా ఆయన పొదిగిన ‘మురళి’ అన్న మాట కృష్ణుడి వేణువనుకుని పిల్లలు అభినయం పట్టి వెళ్లిపోతుంటారు. నేర్పే గురువులు ఒక్క నిమిషం ఆగి, ఇది రాజోలు సీమలో పుట్టిన ఒక మనిషి సంతకమని చెబితే, ఆ అభినయానికి రెండో అర్థం కూడా వస్తుంది.

కృతులు నేర్పడానికి అడ్డంకులూ పెద్దవి కావు. సంగీతం మొదలుపెట్టే ప్రతి పిల్లా మొదటిరోజు సరళీ స్వరాలు పాడేది మాయామాళవగౌళలో, అది పదిహేనో మేళకర్త. కనుక గీతాలూ, వర్ణాలూ దాటి కృతులకు వచ్చిన పిల్ల కొత్త రాగం వెతుక్కోనవసరం లేదు. తొలి పాఠంలోనే అలవాటైన ఆ రాగంలోనూ బాలమురళి కృతి ఉంది, దాన్ని ఆయన పాడిన రికార్డూ ఉంది.